‘బ్లాక్ ఐస్’లో సారా భర్తను ఎందుకు నిలదీయదు? ఫిన్లాండ్ సినిమాల్లో ద్రోహం, పగ

ఫిన్లాండ్ సినిమా ‘బ్లాక్ ఐస్’ చూసి మీరు అడిగినవి రెండు. భర్తకు వేరే అమ్మాయితో సంబంధం ఉందని తెలిశాక కూడా సారా అతన్ని నిలదీయదు, పైగా దొంగపేరు చెప్పుకుని ఆ అమ్మాయితోనే స్నేహం చేస్తుంది, ఇది నమ్మేలా లేదు, అసలు ఇందులో పగ ఎక్కడుంది అన్నది మొదటిది. ఇలాంటి కథనే తెలుగులో ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్‌గా రాసుకుంటున్నాను, ఏం చూసుకోవాలి అన్నది రెండోది. ఫిల్మ్ సొసైటీలో ఏళ్ళ తరబడి సినిమాలు వేసి చర్చలు నడిపాను, కొత్తవాళ్ళ స్క్రిప్టులు చదివి సలహా చెబుతుంటాను. ఈ రకం కథలంటే నాకు ప్రాణం. కాబట్టి జవాబు కొంచెం పొడుగవుతుంది.

సూటిగా చెప్పాలంటే, ఆమె నిలదీయకపోవడంలోనే పగ ఉంది. వాళ్ళిద్దరి సంగతి ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి వాళ్ళకు తెలియదు. మోసపోయిన మనిషి చేతిలో ఉండే బలం అదొక్కటే. నోరు తెరిచి అడిగిన మరుక్షణం అది చేజారిపోతుంది. ఆ తర్వాత మిగిలేది మామూలు గొడవే. అతను కాదంటాడు, తర్వాత ఒప్పుకుంటాడు, క్షమించమంటాడు, ఆమె ఏడుస్తుంది. ఎవరు ఏమంటారో మనకు ముందే తెలుసు. దర్శకుడు పెట్రి కోత్విత్సా ఆ గొడవను వాయిదా వేశాడు. ఆ వాయిదా మీదే సినిమా మొత్తం నడుస్తుంది.

చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 2007లో వచ్చిన ఈ సినిమా ఫిన్నిష్ పేరు ‘ముస్తా యా’. సారా నడివయసులో ఉన్న డాక్టరు. భర్త లియో ఆర్కిటెక్ట్, పాఠాలు కూడా చెబుతాడు. అతని దగ్గర చదువుకునే తూలి అనే అమ్మాయితో అతనికి సంబంధం. తూలి మార్షల్ ఆర్ట్స్ కూడా నేర్పిస్తుంటుంది. సారా అక్కడ చేరుతుంది, వేరే మనిషిగా పరిచయం చేసుకుంటుంది, మెల్లగా ఆ అమ్మాయికి దగ్గరవుతుంది. సారాగా ఔటి మాయెన్‌పా, తూలిగా రియా కటాయా, లియోగా మార్టి సువొసలో చేశారు. 2008లో బెర్లిన్ చిత్రోత్సవంలో పోటీ విభాగానికి వెళ్ళింది. అదే ఏడాది ఫిన్లాండ్‌వాళ్ళ జుస్సీ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటి దీనికే వచ్చాయి. సంగీతం ఐక్కా టొప్పినెన్‌ది. వయొలిన్ లాంటి పెద్ద వాయిద్యం చెల్లోతో హెవీ మెటల్ రాక్ వాయించే అపోకలిప్టికా బృందంలోని మనిషి. చూసేటప్పుడు ఆ చెల్లో మీద ఒక చెవి వేసి ఉంచండి. ముగింపు మాత్రం ఇక్కడ చెప్పను. ఈ పేజీ చదివేవాళ్ళలో చూడనివాళ్ళు ఉంటారు.

ఇప్పుడు ‘నమ్మేలా లేదు’ అన్న మాట దగ్గరికి వస్తాను. మోసపోయిన మనిషికి మొదట కావలసింది శిక్షించడం అనుకుంటాం. ఇలాంటి దెబ్బ తిన్నవాళ్ళ మాట విన్న వాళ్ళెవరైనా చెబుతారు, మొదట కావలసింది తెలుసుకోవడం. ఎవరామె? ఎలా నవ్వుతుంది? ఎప్పటినుంచి? నేను ఊళ్ళో లేనప్పుడా, ఉన్నప్పుడే ఇది జరిగిందా? తెలుసుకున్న కొద్దీ ఇంకా బాధే అని తెలిసినా ఆగలేరు. ఫోన్ వెతకడం, పాత ఫొటోలు తిరగేయడం, ఆ అమ్మాయి ప్రొఫైల్ అర్ధరాత్రి తెరిచి చూడటం, ఇవన్నీ అదే యావ. సారా చేసింది అదే, కాకపోతే నాలుగడుగులు ముందుకు వేసింది. ప్రొఫైల్ చూసి ఊరుకోకుండా మనిషి దగ్గరికే వెళ్ళింది. ఆమె వృత్తిరీత్యా డాక్టరు. నొప్పి ఎక్కడుందో వేలితో నొక్కి చూసే అలవాటున్న మనిషి తన నొప్పినీ అలాగే నొక్కి చూసుకోవడం నాకు వింతగా అనిపించలేదు.

అసలు చిక్కు అక్కడినుంచే మొదలవుతుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే శత్రువు శత్రువులా ఉండదు. తూలి మంచి పిల్ల. నమ్ముతుంది, మనసులో మాట చెప్పుకుంటుంది, కొత్త స్నేహితురాలిని ఇష్టపడుతుంది. సారాకూ ఆమె మీద ఏదో ఒక మమకారం పుడుతుంది. తూలి వైపునుంచి కథ చూడండి. ఒకే ఇంట్లోంచి వచ్చిన ఇద్దరు ఆమెతో అబద్ధమాడుతున్నారు. భర్త తన భార్య గురించి ఆమెకు ఏం చెప్పాడో అది ఒక అబద్ధం. భార్య తనెవరో చెప్పకపోవడం ఇంకో అబద్ధం. మోసపోయిన మనిషి మోసం చేసే మనిషిగా మారడం మన కళ్ళముందే జరుగుతుంది. ఎక్కడ గీత దాటిందో వేలు పెట్టి చూపించలేం. ఈ సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మన సానుభూతి సారా దగ్గర మొదలై తూలి వైపు జరిగి, మళ్ళీ సారా దగ్గరికి వస్తుంది. లియో వైపు కూడా కాసేపు వెళ్తుంది.

లోపం కూడా చెప్పాలి. చివరి మూడో వంతులో యాదృచ్ఛికాలు ఎక్కువయ్యాయి. అప్పటిదాకా మనుషుల మనసులు నడిపిన కథను ఆఖర్న సంఘటనలు లాక్కెళ్ళాయి. మీ స్క్రిప్టులో ఈ పొరపాటు రాకూడదు కాబట్టి గుర్తు పెట్టుకోమంటున్నాను.

‘కనీసం పెద్దమనుషుల దగ్గరికో, కోర్టుకో ఎందుకు వెళ్ళదు’ అని కూడా అడిగారు. ఈ ప్రశ్న చాలా మంచిది. జవాబు ఫిన్లాండ్ చట్టంలో ఉంది. అక్కడ 1988 నుంచి విడాకులకు కారణం చెప్పనక్కర్లేదు. భార్యాభర్తల్లో ఒక్కరు అడిగినా చాలు. జిల్లా కోర్టులో దరఖాస్తు పెడతారు, ఆలోచించుకోవడానికి ఆరు నెలలు గడువిస్తారు, ఆ తర్వాత మళ్ళీ అడిగితే విడాకులు ఇచ్చేస్తారు. రెండేళ్ళుగా విడివిడిగా ఉంటున్నట్టయితే ఆ గడువు కూడా ఉండదు. ఎవరు తప్పు చేశారు, ఎవరితో పోయారు అని ఎవరూ అడగరు. బతకడానికి ఇది మంచి చట్టమే. అబద్ధపు సాక్ష్యాలు, ఒకరి మీద ఒకరు బురద చల్లుకోవడం తప్పుతాయి. అయితే ‘నాకు అన్యాయం జరిగింది, వీడు చేశాడు’ అని నలుగురి ముందు అనిపించుకునే చోటు కూడా దాంతోపాటే పోయింది. సారాకు విడాకులు కావాలంటే ఒక ఫారం నింపితే వస్తాయి. తీర్పు కావాలంటే మాత్రం ఎక్కడా దొరకదు. అందుకే ఆమె తనే డిటెక్టివ్, తనే ప్లీడరు, తనే జడ్జి అయింది. మనదగ్గర పద్ధతి వేరు. వ్యభిచారాన్ని నేరంగా చూసే 497 సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో కొట్టేసినా, హిందూ వివాహ చట్టంలో విడాకులకు అది ఇప్పటికీ ఒక కారణమే. మీ కథ ఇక్కడ జరిగితే హీరోయిన్‌కు కోర్టుంది, పుట్టింటివాళ్ళున్నారు, పంచాయితీ ఉంది. ఆ దారులన్నీ ఆమె ఎందుకు వదిలేసిందో మీరు ముందు తేల్చుకోవాలి.

‘ఫిన్లాండ్ వాళ్ళు సహజంగానే మాట్లాడరు కదా, అందుకే ఇలా ఉందేమో’ అని కింద ఒకరు రాశారు. ఆ మాట నేను ఒప్పుకోను. తెయువో టూలియో అనే దర్శకుడి సినిమాలు చూడండి. ఏడుపులు, అరుపులు, మంటలు, క్లోజప్ మీద క్లోజప్, మన పాత మెలోడ్రామాలకు ఏమాత్రం తీసిపోవు. 1946లో ఆయన ‘లెవొటోన్ వెరి’ తీశాడు. అందులో రెగీనా లిన్నన్‌హైమో చేసిన పాత్రకు చూపు పోతుంది. భర్త, ఆమె చెల్లెలు దగ్గరవుతారు. కొన్నాళ్ళకు ఆమెకు చూపు తిరిగొస్తుంది. ఎవరికీ చెప్పదు. గుడ్డిదానిలాగే తడుముకుంటూ, వాళ్ళిద్దరూ తన ఎదురుగానే ఎలా ప్రవర్తిస్తున్నారో చూస్తూ ఉంటుంది. ‘బ్లాక్ ఐస్’కు అరవై ఏళ్ళ ముందే ఆ ఎత్తుగడ వచ్చేసింది. తెలిసీ తెలియనట్టు ఉండటం, చూస్తూ చూడనట్టు ఉండటం. టూలియో దాన్ని గొంతెత్తి చెప్పాడు, కోత్విత్సా గొంతు తగ్గించి చెప్పాడు, అంతే తేడా.

గొంతు తగ్గించడం ఎంతవరకు సాధ్యమో చూడాలంటే అకీ కౌరిస్మాకి 1990లో తీసిన ‘ది మ్యాచ్ ఫ్యాక్టరీ గర్ల్’ చూడాలి. డెబ్భై నిమిషాలు కూడా ఉండదు. నేను స్క్రిప్టు గురించి మాట్లాడే ప్రతిచోటా దీన్ని చూడమంటాను. మొదటి షాట్లలో మనుషులు ఉండరు. ఒక దుంగను యంత్రం పొరలుగా చెక్కడం, పొరలు పుల్లలవడం, పుల్లలు పెట్టెల్లోకి చేరడం చూపిస్తాడు. ఆ వరస చివర్న ఐరిస్ నిలబడి ఉంటుంది, పెట్టెల మీద లేబుళ్ళు సరిగ్గా అంటుకున్నాయో లేదో చూస్తూ. జీతం తెచ్చి తల్లికి, మారుతండ్రికి ఇస్తుంది. ఒకసారి ఆ డబ్బుతో ఒక డ్రెస్సు కొనుక్కుంటుంది, మారుతండ్రి చెంప పగలగొడతాడు. ఆ డ్రెస్సులోనే బయటికి వెళ్ళి ఆర్నె అనే డబ్బున్నవాణ్ణి కలుస్తుంది. పొద్దున అతను డబ్బు అక్కడ పెట్టి వెళ్ళిపోతాడు, ఆమెను ఏమనుకున్నాడో మనకు అర్థమవుతుంది. ఆమెకు మాత్రం అది ప్రేమే. గర్భం వచ్చిందని ఉత్తరం రాస్తే, వదిలించుకొమ్మని చెక్కు పంపుతాడు.

ఆ తర్వాత ఐరిస్ వెళ్ళి ఎలుకల మందు కొంటుంది. ఎలా పనిచేస్తుందని అడుగుతుంది, చంపుతుందని చెబుతారు. అంతే సీను. ఇంటికొచ్చి నీళ్ళలో కలిపి సీసాలో పోస్తుంది. ఆర్నె ఇంటికి వెళ్తుంది. అతను మద్యం గ్లాసులో పోస్తే ఐసు కావాలంటుంది. అతను ఐసు కోసం లోపలికి వెళ్ళినప్పుడు పని పూర్తి చేస్తుంది. వెళ్ళేముందు అతని చెక్కు అతనికి ఇచ్చేస్తుంది, ఇక నీకు ఇబ్బంది ఉండదంటుంది. కోపం లేదు, కన్నీళ్ళు లేవు. ఎవరూ పడిపోవడం మనకు చూపించడు. తర్వాత బార్‌లో పక్కన కూర్చుని మాట కలపబోయిన ఎవడో ఒకడి గ్లాసులోనూ అదే పోస్తుంది, నవ్వుతూ. నాకు వెన్నులో చలి పుట్టేది ఈ బార్ సీను దగ్గరే. ఆర్నె ద్రోహం చేశాడు, ఇంట్లోవాళ్ళు పీల్చి పిప్పి చేశారు, సరే. ఈ మూడోవాడు ఏం చేశాడు? పగకు ఒకసారి అలవాటు పడిన చెయ్యి లెక్క చూసుకోదు. ఈ ఒక్క విషయం కౌరిస్మాకి డైలాగ్ లేకుండా, అర నిమిషంలో చెప్పేశాడు. ఐరిస్‌గా చేసిన కాటి ఔటినెన్ ముఖం చూడండి. ఆమెకే 2002లో ఆయన ఇంకో సినిమాకు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే ‘యుహా’. ఇది యుహాని అహో 1911లో రాసిన నవల, ఫిన్లాండ్, రష్యాల మధ్య ఉండే కరేలియా ప్రాంతంలోని పాతకాలపు సరిహద్దు పల్లె కథ. వయసు మళ్ళిన రైతు యుహా, అతని పడుచు భార్య మార్యా, దారినపోతూ వచ్చి ఆమెను తీసుకుపోయిన షెమెయిక్కా. దీన్ని నాలుగుసార్లు సినిమా తీశారు. 1921లో స్వీడన్‌లో మౌరిట్జ్ స్టిల్లర్, తర్వాత ఫిన్లాండ్‌లోనే 1937లో న్యుర్కి తపియోవారా, 1956లో తోయివో సార్కా, 1999లో కౌరిస్మాకి. సార్కాది ఫిన్లాండ్ మొదటి రంగుల సినిమా అయితే, కౌరిస్మాకి 1999లో కూర్చుని బ్లాక్ అండ్ వైట్‌లో మూకీ తీశాడు. నవలలో యుహా తన భార్యను ఎత్తుకుపోయారనే నమ్ముతాడు. ఆ నమ్మకం మీదే బతుకుతాడు, ఆ నమ్మకం మీదే పగ తీర్చుకోవడానికి వెళ్తాడు. తీర్చుకున్నాక తెలుస్తుంది, ఆమె ఇష్టపడే వెళ్ళిందని. శత్రువును కొట్టాడు, ఆ దెబ్బకు కారణమే లేకుండా పోయింది. సారాకు మొదట్లోనే నిజం తెలుసు, యుహాకు ఆఖర్న తెలుస్తుంది. ఇద్దరినీ పడగొట్టింది ఆ తెలియడమే. ఈ దేశం ఒకే కథను ఇన్నిసార్లు ఎందుకు తీసుకుందో ఆలోచించండి. అన్నట్టు దీని మీద రెండు ఒపేరాలు, అంటే పాటలతో నడిచే నాటకాలు, కూడా ఉన్నాయి.

ఇక మీ స్క్రిప్టు. మీరు పంపిన సారాంశంలో విశాఖలో ఉండే ఒక లెక్చరర్ భార్య, భర్త ప్రేయసి నడిపే యోగా క్లాసులో దొంగపేరుతో చేరుతుంది. బాగానే ఉంది. కానీ హెల్సింకీలో పనిచేసినది విశాఖలో అలాగే పనిచేయదు. అక్కడ కొత్తగా పరిచయమైన మనిషిని ఇల్లెక్కడ, మీవాళ్ళెవరు అని తవ్వరు. మనదగ్గర క్లాసు అయ్యాక చెప్పులు వేసుకునేలోపే అడుగుతారు, ‘మీదే ఊరండీ, ఇంటిపేరేంటి, మీవారేం చేస్తారు, పిల్లలెంతమంది’ అని. మరో నిమిషానికి ‘అయ్యో, మా పిన్నివాళ్ళదీ అటే’ అంటారు. అంటే మీ హీరోయిన్‌కు ఒక దొంగపేరు సరిపోదు. ఒక దొంగ ఊరు, దొంగ ఇంటిపేరు, దొంగ మొగుడు కావాలి. దీన్ని మీరు ఇబ్బందిగా చూస్తున్నారు. నేనైతే మొత్తం టెన్షన్ ఇక్కడే కడతాను. ఆమె కల్పించుకున్న ఆ దొంగ మొగుడు ఎలాంటివాడు? అడగ్గానే నోటికొచ్చింది చెప్పేస్తుంది కదా, ఏం చెబుతుంది? పెళ్ళయిన కొత్తలో తన భర్త ఎలా ఉండేవాడో అదే చెబుతుంది. ఆ అమ్మాయి విని ‘మీరు అదృష్టవంతులక్కా’ అంటుంది. ఈ ఒక్క సీను పండితే మీ సినిమా నిలబడుతుంది.

పిలుపులు చూసుకోండి. మొదటిరోజు ‘మేడమ్’. రెండోవారానికి ‘అక్కా’. ఆ ‘అక్కా’ అన్న పిలుపు మీ హీరోయిన్‌కు ఎంత కష్టంగా ఉంటుందో కెమెరా ఆమె ముఖం మీద ఉంచితే చాలు, డైలాగ్ అక్కర్లేదు. మీ డ్రాఫ్టులో మొదటిరోజే అక్కా అనేశారు, అది తీసేయండి.

భర్తను విలన్ చేయొద్దు. తాగొచ్చి కొట్టేవాడిగా రాశారు. అలా రాస్తే మన పని తేలికవుతుంది, కథ చచ్చిపోతుంది. అతను మామూలుగా మంచివాడై ఉండాలి. అత్తగారికి బీపీ మాత్రలు తెచ్చిపెట్టేవాడు, పాపను బడి దగ్గర దించేవాడు. అలాంటివాడు అబద్ధమాడటంలోనే దెబ్బ ఉంది. అబద్ధాలు కూడా పెద్దవి వద్దు. ‘ఇన్విజిలేషన్ డ్యూటీ పడింది, లేటవుతుంది’ లాంటిది చాలు. ఆ సాయంత్రం డ్యూటీ లేదని ఆమెకు ఆ అమ్మాయి ద్వారానే తెలిసి ఉండాలి. ‘జాగ్రత్తగా రండి’ అని ఆమె ఫోన్ పెట్టేసే సీన్లో ప్రేక్షకుడికి ఆమెకు తెలిసినంతా తెలిసి ఉండాలి. తెలుసు, తెలియదు అనే ఈ లెక్కను ప్రతి సీను పక్కన మార్జిన్‌లో రాసుకోండి: ఇక్కడ ఎవరికి ఏం తెలుసు, ప్రేక్షకుడికి ఏం తెలుసు. ఎక్కడైనా ఆ లెక్క ముందు సీనుకూ ఈ సీనుకూ మారకపోతే ఆ సీను అనవసరం, కోసేయండి.

క్లైమాక్స్‌లో బీచ్ రోడ్డు యాక్సిడెంట్ పెట్టారు. దయచేసి తీసేయండి. ఇందాక చెప్పిన లోపం ఇదే, సంఘటన వచ్చి మనుషుల పని తను చేసేయడం. ఇరవై నిమిషాల్లో చావుకు చోటు లేదు. ఈ కథకు చావు అవసరమూ లేదు. నిజం బయటపడే సీనును ఆ అమ్మాయి వైపునుంచి ఒకసారి రాసి చూడండి. తను ప్రేమించినవాడి మోసం ఒకటి, అక్కా అని నమ్మిన మనిషి మోసం ఇంకొకటి. ఈ రెండింటిలో ఏది ఆమెను ఎక్కువ కుంగదీస్తుంది? మొదటిది అంటే మీది ఒక కథ. రెండోది అంటే పూర్తిగా వేరే కథ. నా ఓటు రెండోదానికే, కానీ రాసేది మీరు కాబట్టి తేల్చుకోవలసింది మీరే. ఆ సీను రెండు రకాలుగానూ రాసి ఇక్కడే పెట్టండి, చదివి ఏ లైను ఉంచాలో, ఏ లైను కోయాలో వివరంగా చెబుతాను.